నడిపే మనిషి నడుముకు బ్యాక్‌రెస్ట్: బజారులో దొరికేవి, చేయించుకునేవి, ఏది ఎవరికి

బైక్ యాక్సెసరీల షాపులో బ్యాక్‌రెస్ట్ అని అడగండి. హైదరాబాద్ పుత్లీబౌలి అయినా, విజయవాడ ఆటోనగర్ అయినా ముందు చూపించేది వెనక సీటు చివర నిలబడే కమ్మీ, దానికి ఒక చిన్న దిండు. అది వెనక కూర్చునేవాళ్లది. బండి నడిపే మనిషి నడుముకు ఆనేది కావాలంటే సీటు కుట్టేవాళ్లను అడగమంటారు. వాళ్లేమో వెల్డర్ దగ్గర రాడ్డు పెట్టించుకుని రమ్మంటారు. వెల్డర్‌కు మీ నడుము ఎత్తు తెలియదు, కుట్టేవాళ్లకు ఇనుము సంగతి తెలియదు. ఈ రెండు పనుల మధ్య పట్టించుకునే మనిషి లేకనే చాలా బ్యాక్‌రెస్టులు నెల తిరక్కుండా ఊడదీసి అటక మీద పడేసే వస్తువులవుతున్నాయి. ఆ మధ్య మనిషి మీరే కావాలి. అందుకే ఇక్కడ బజారులో ఉన్న రకాల మంచిచెడ్డలు చెప్పి, చేయించుకునేదాని కొలతలు మాత్రం వివరంగా ఇస్తున్నాం.

అన్ని బండ్లకూ ఇది అక్కర్లేదు. బజాజ్ అవెంజర్, రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350, పాత థండర్‌బర్డ్ లాంటి వాటిలో ఫుట్‌రెస్టులు ముందుకు ఉంటాయి. కాళ్లు ముందుకు చాపి కూర్చున్నప్పుడు వాటి మీద బరువు మోపలేం. మొండెం బరువంతా పిరుదుల మీదకీ, తోక ఎముక మీదకీ, నడుములోని అయిదు వెన్నుపూసల మీదకీ దిగుతుంది. గుంత వచ్చినప్పుడు కాళ్ల మీద లేచి ఆ దెబ్బ తప్పించుకోవడమూ కష్టమే. బ్యాక్‌రెస్ట్ విలువ తెలిసేది ఇలాంటి బండ్ల మీద. క్లాసిక్ 350, బుల్లెట్, హోండా సీబీ350 మీద నిటారుగా కూర్చుంటాం కాబట్టి హైవే మీద బాగా పనికొస్తుంది, ఊళ్లో తిరిగేటప్పుడు పెద్దగా తెలియదు. ఇంటర్‌సెప్టర్ 650 మీద మొండెం కాస్త ముందుకు వంగుతుంది, కేటీఎం డ్యూక్ మీద ఇంకొంచెం ఎక్కువ. వాటికి దిండు పెట్టిస్తే దానికి ఆనడం కోసం చేతులు పూర్తిగా చాపాల్సి వస్తుంది. నడుము నొప్పి తగ్గకపోగా భుజాలు, మెడ పట్టేస్తాయి. ఆ బండ్లకు డబ్బు పెట్టాల్సింది హ్యాండిల్‌ను ఎత్తు పెంచే రైజర్ల మీద, సీటు ఫోమ్ మీద. ఇంకో మాట: నొప్పి నడుము దగ్గర ఆగకుండా కాలి కిందకు లాగుతున్నా, పాదం తిమ్మిరెక్కుతున్నా ముందు వెళ్లాల్సింది డాక్టరు దగ్గరికి. దిండు ఆసరా ఇస్తుంది, జబ్బు నయం చేయదు.

బజారులో తేలిగ్గా దొరికే రకం క్లాంపుది. వెనక పట్టుకునే రాడ్డుకు రెండు పట్టులు బిగించి, దాని నుంచి ఒక చెయ్యి ముందుకు తెచ్చి, చివర దిండు పెడతారు. ఏ బండికైనా సరిపోతుందని అమ్ముతారు. దీన్ని కొనొద్దనే మా మాట, కారణం దాని కొలతల్లోనే ఉంది. ఆ పట్టుకునే రాడ్డు, అంటే గ్రాబ్ రైల్, మీ వీపుకు అడుగు, అడుగున్నర వెనక ఉంటుంది. అంత పొడుగు చేతి చివర మీరు ఆనితే ఆ బలమంతా గుండ్రటి పైపు చుట్టూ క్లాంపును తిప్పడానికే పోతుంది. రబ్బరు ముక్క వేసి ఎంత బిగించినా స్పీడ్ బ్రేకర్ల వరస రాగానే పట్టు జారి దిండు వెనక్కి వాలుతుంది. బలం పెట్టి ఇంకా బిగిస్తే పైపు మీద పెయింటు లేచి తుప్పు మొదలవుతుంది. క్లాంపు జారని రకమైనా గ్రాబ్ రైల్ బోల్టుల మీద పడేది వాటికి ఉద్దేశించిన బరువు కాదు.

నడుముకు కట్టుకునే బెల్టు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. గంటకో రెండు గంటలకో బాగానే ఉంటుంది. మన ఎండల్లో చెమట పట్టి, జాకెట్ లోపల మడతపడి, ఎప్పుడు తీసేద్దామా అనిపిస్తుంది. చలికాలం ప్రయాణాలకు వాడుకోవచ్చు.

పైసా ఖర్చు లేనిది, చాలామందికి సరిపోయేది బ్యాగు పద్ధతి. ఏడాదికి రెండు మూడు లాంగ్ రైడ్లకు మించి వెళ్లనివాళ్లు ఇంకేదీ చేయించుకోనక్కర్లేదు. 30 నుంచి 40 లీటర్ల గుండ్రటి డఫెల్ బ్యాగు తీసుకుని వెనక సీటు మీద అడ్డంగా పెట్టాలి. సర్దడంలోనే ఉంది కిటుకు: మీ వీపు వైపు మెత్తటి బట్టలు చుట్టచుట్టి గట్టిగా దట్టించాలి, టూల్స్, చార్జరు, బూట్లు వెనక వైపు పెట్టాలి. కట్టడానికి కొక్కేల రబ్బరు తాళ్లు వద్దు. అవి సాగుతాయి, ఆనిన ప్రతిసారీ బ్యాగు వెనక్కి పోతుంది. ఊడిన కొక్కెం చక్రంలో పడినా, కట్టేటప్పుడు చేయిజారి కంటికి తగిలినా ప్రమాదమే. బకిల్ ఉన్న నైలాన్ పట్టీలు రెండు తీసుకుని గ్రాబ్ రైల్‌కో ఛాసిస్‌కో వేయండి, ఇండికేటర్ కాడకు వేయకండి, సైలెన్సర్‌కు తగిలే దారిలో అసలే వేయకండి. సీటు నున్నగా ఉండి బ్యాగు జారుతుంటే వంటింటి డ్రాయర్లలో పరిచే రబ్బరు జాలీ మ్యాట్ ముక్క కింద వేస్తే ఆగుతుంది. మొదటి గంటలో బట్టలు అణిగి బ్యాగు వదులవుతుంది. అప్పుడు ఒకసారి ఆగి పట్టీలు బిగించుకోవాలి. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తుంటే నార్కట్‌పల్లి దగ్గర టీకి ఆగినప్పుడు ఆ పని చేసేస్తే మిగతా దారంతా కదలదు.

రోజూ వెనక మనిషి ఎక్కే బండి అయితే రాడ్ల జోలికి పోకుండా సీటునే మార్పించుకోవడం మేలు. ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య మెట్టు చాలా బండ్లలో రెండు అంగుళాలో మూడో ఉంటుంది. అది పిరుదులకు తగులుతుంది తప్ప నడుము దాకా రాదు. దాన్ని 4 నుంచి 5 అంగుళాలకు పెంచి, ముఖాన్ని కొద్దిగా లోపలికి గుంట తీయిస్తే నడుము అడుగు భాగానికి ఆసరా దొరుకుతుంది. మెట్టు లోపల మామూలు స్పాంజి పెడితే నెలలో చతికిలబడుతుంది, రీబాండెడ్ ఫోమ్ (ఫోమ్ ముక్కలను నొక్కి అతికిన గట్టి రకం) పెట్టించాలి. దీనివల్ల వెనక మనిషి సీటు కొంచెం ఎత్తవుతుంది, ముందుకు వెనక్కి ఒకటిన్నర అంగుళాల చోటు తగ్గుతుంది. వెనక కూర్చునేవాళ్లను కూడా షాపుకు తీసుకెళ్లి కూర్చోబెట్టి చూశాకే కవరు కుట్టించండి. పూర్తి బ్యాక్‌రెస్ట్ ఇచ్చే సుఖం ఇందులో సగమే దొరుకుతుంది. కానీ ఎక్కడానికీ దిగడానికీ అడ్డు ఉండదు, ఊడేది ఏమీ ఉండదు.

ఇక ఒంటరిగా లాంగ్ రైడ్లు చేసేవాళ్లకు చేయించుకునే బ్యాక్‌రెస్టే అన్నిటికన్నా మంచిది. దీనికి ఎక్కడి నుంచో కొత్త డిజైన్ కనిపెట్టక్కర్లేదు. హార్లే డేవిడ్‌సన్ టూరింగ్ బండ్లకు వచ్చే రైడర్ బ్యాక్‌రెస్టులు, మస్టాంగ్ కంపెనీ సీట్లతో వచ్చేవి చూస్తే పద్ధతి తెలిసిపోతుంది: సీటు వెనక లోపల ఒక తొడుగు శాశ్వతంగా ఉంటుంది, దిండు కాడ అందులోకి దిగుతుంది, ఎత్తు మార్చుకోవచ్చు, అవసరం లేనప్పుడు లాగేయొచ్చు. అమెరికాలో హార్లే నడిపే మనవాళ్లు నేరుగా అది కొనుక్కుంటే సరిపోతుంది. ఇక్కడి బండ్లకు అదే పద్ధతిని చదరపు పైపులతో చేయించుకోవచ్చు. ముందుకు మడిచే మడతబందు కూడా పెట్టించమని కొందరు అంటారు. మా సలహా వద్దనే. మన దగ్గర చేసే మడతబందు కొన్నాళ్లకు అరిగి గడగడలాడుతుంది, దిండు కోణం మారిపోతుంది. లాగి తీసేసే రకమే నిలుస్తుంది.

వెల్డర్ దగ్గరికి వెళ్లేముందు దుప్పటి పరీక్ష చేయండి. ఒక దుప్పటిని దిండులా గట్టిగా చుట్టి, వెనక సీటు మీద నడుముకు తగిలేలా పట్టీలతో కట్టి, ముప్పై నలభై కిలోమీటర్లు నడపండి. మధ్యలో రెండుసార్లు ఆగి ఎత్తూ దూరమూ మార్చి చూడండి. హాయిగా ఉన్నచోట ఆపి, ఇంకొకరితో మూడు కొలతలు తీయించుకోండి: మీరు కూర్చుని ఉండగా అణిగిన సీటు నుంచి దిండు అడుగు అంచు దాకా ఎత్తు, పై అంచు దాకా ఎత్తు, పెట్రోల్ ట్యాంకు వెనక అంచు నుంచి మీ నడుము దాకా దూరం. చాలామందికి అడుగు అంచు 4 అంగుళాల దగ్గర, పై అంచు 12 అంగుళాల దగ్గర వస్తుంది. హెల్మెట్, బూట్లు, లాంగ్ రైడ్‌కు వేసుకునే జాకెట్ అన్నీ వేసుకునే కొలవాలి. జాకెట్‌లో బ్యాక్ ప్రొటెక్టర్ (వెన్నును కాపాడే గట్టి పలక) ఉంటే అది ఒంటికీ దిండుకూ మధ్య రెండు సెంటీమీటర్ల దాకా చోటు తీసుకుంటుంది. టీషర్టు మీద కొలిచి చేయించుకున్నవాళ్లకు జాకెట్ వేసుకోగానే ట్యాంకు మీదకు నెట్టినట్టు అనిపించేది అందుకే.

అడుగున ఆ 4 అంగుళాల ఖాళీ చాలా ముఖ్యం, దాన్ని ఎవరు పూడ్చమన్నా ఒప్పుకోకండి. సీటు కుట్టేవాళ్లకు ఖాళీ కనిపిస్తే అందంగా లేదనిపించి దిండును సీటు దాకా దించేస్తారు. అప్పుడు నడుముకన్నా ముందు పిరుదులకు దిండు తగిలి మనిషిని ముందుకు తోస్తుంది. నడుము వెనక ఖాళీ అలాగే మిగిలి, వీపు విల్లులా వంగుతుంది. బ్యాక్‌రెస్ట్ పెట్టించుకున్నాక నొప్పి పెరిగిందనే ఫిర్యాదుల్లో ముందు చూడాల్సింది ఈ ఖాళీనే. పై అంచు కూడా భుజం ఎముకల దాకా పోకూడదు. ఎత్తు ఎక్కువైతే అద్దంలో చూడటానికి, తల తిప్పి పక్క లేన్ చూడటానికి మొండెం తిరగదు. బ్యాక్ ప్రొటెక్టర్ అడుగు అంచు దిండు పై అంచుకు తగిలి జాకెట్ మెడ దగ్గరకు ఎగదన్నుకొస్తుంది. వెడల్పు 10, 11 అంగుళాలు చాలు. అంతకు మించితే మోచేతులకు అడ్డం. వెనక్కి వాలు నిటారు నుంచి 10, 12 డిగ్రీలు. ఈజీ చైర్‌లా 20 డిగ్రీలు వాల్చితే చేతులు హ్యాండిల్‌కు వేలాడతాయి.

ఇనుము దగ్గర జరిగే తప్పు పైపుకు బదులు చదును ఇనుప పట్టీ వాడటం. వెల్డింగ్ షాపులో చేతికందేది 25 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. మందం పట్టీ. వంచడం తేలిక, రంధ్రాలు వేయడం తేలిక. కానీ లెక్క వేయండి. మనిషి 25 కిలోల బలంతో ఆనుతున్నాడు, ఆ బలం పునాది నుంచి 23 సెంటీమీటర్ల ఎత్తున పడుతోంది అనుకుందాం. ఒక్క పట్టీ అయితే దాని మొదట్లో ఒత్తిడి 540 మెగాపాస్కల్స్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) దాకా వెళ్తుంది. మామూలు మైల్డ్ స్టీల్ 250 దగ్గరే వంగిపోతుంది. రెండు పట్టీలు పెట్టినా 270, అంటే ఇంకా గీత దాటే ఉంది. అదే చోట 20 మి.మీ. చదరం, 2 మి.మీ. మందం ఉన్న పైపు ఒక్కటి పెడితే ఒత్తిడి 72కు పడిపోతుంది, రెండు పెడితే 36. గుంతల్లో బలం రెట్టింపైనా భయం లేదు. బరువు చూస్తే పట్టీ మీటరుకు 0.98 కిలో, పైపు 1.13 కిలో. తేడా దాదాపు లేదు, బలం ఏడు రెట్లు ఎక్కువ. గుంత వచ్చిన ప్రతిసారీ కొంచెం కొంచెం వెనక్కి వంగిపోయే బ్యాక్‌రెస్ట్ ఎక్కడ కనిపించినా వంగి చూడండి, లోపల పట్టీ ఉంటుంది.

కాబట్టి కాడలకు 20 మి.మీ. పైపు 23 సెం.మీ. ముక్కలు రెండు. అవి దిగే తొడుగులకు 25 మి.మీ. చదరం, 2 మి.మీ. మందం పైపు 7 సెం.మీ. ముక్కలు రెండు. పునాదికి 5 మి.మీ. ప్లేటు, 200 మి.మీ. పొడవు, 120 మి.మీ. వెడల్పు. తొడుగుల మధ్య దూరం 140 మి.మీ. తొడుగు వెనక వైపు, పునాది కలిసే మూలలో 4 మి.మీ. మందం మూడుమూలల ముక్క ఒక్కొక్కటి వెల్డ్ చేయించండి. వెల్డ్ పక్కన వేడికి బలహీనపడిన చోటే పగులు మొదలవుతుంది, ఆ బరువును ఈ మూల ముక్క పంచుకుంటుంది. వెల్డర్ ఇది లేకపోయినా ఆగుతుంది అంటాడు. ఆరు నెలలు ఆగుతుంది, ఆ తర్వాత కాదు.

కొలత ప్రకారం 25 పైపు లోపల 21 మి.మీ. ఖాళీ ఉంటుంది, 20 పైపు అందులో సుఖంగా దిగాలి. దిగదు. పైపును మడిచి అతికిన చోట లోపల సన్నటి వెల్డ్ గట్టు పొడుగునా ఉంటుంది, అది అడ్డుకుంటుంది. చదరపు ఆకురాయి లోపలికి దింపి ఆ గట్టును అరగదీయించాలి. పని తొందరలో ఉన్నవాళ్లు సుత్తితో కొట్టి దింపేస్తారు, ఇక అది జన్మలో బయటకు రాదు. ఆ తర్వాత పౌడర్ కోటింగ్‌కు ఇస్తే కోటింగ్ పొర మళ్లీ బిగిసేలా చేస్తుంది. తొడుగు లోపలా, కాడ అడుగు భాగమూ టేపు వేసి ఇవ్వండి, ఆ భాగానికి గ్రీజు రాసుకుంటే చాలు. మిగిలిన అర మిల్లీమీటరు ఖాళీ వల్ల గడగడలాడకుండా తొడుగు వెనక ముఖానికి ఎం-8 (8 మి.మీ. మర) నట్టు వెల్డ్ చేయించి, చేత్తో తిప్పే గుండ్రటి నాబ్ బోల్టు బిగిస్తే కాడ ఒక పక్కకు నొక్కుకుని కదలదు. ఆ బోల్టు పట్టు మీదే ఎత్తును నిలపకండి. కాడకు 20 మి.మీ. దూరంతో రంధ్రాలు వేయించి, అడ్డంగా 6 మి.మీ. పిన్ను పెట్టి, పిన్నుకు క్లిప్పు వేయండి. బోల్టు ఊగకుండా చూస్తుంది, పిన్ను జారకుండా చూస్తుంది.

పునాది ప్లేటు ఎక్కడ బిగించాలన్నది బండిని బట్టి మారుతుంది. క్లాసిక్‌లా వెనక సీటు విడిగా ఉన్న బండికి పని తేలిక. వెనక సీటు ఊడదీసి, దాని అడుగు భాగాన్నే అచ్చుగా పెట్టి రంధ్రాలు గుర్తు పెట్టుకోవచ్చు. ముందుకు వెనక్కి జరుపుకోవడానికి గుండ్రటి రంధ్రాలకు బదులు 50, 60 మి.మీ. పొడుగు గాడులు కోయించండి. స్ప్రింగుల సీటున్న పాత క్లాసిక్‌తో మాత్రం ఒక చిక్కుంది. సీటు స్ప్రింగుల మీద పైకీ కిందకీ ఆడుతుంది, బ్యాక్‌రెస్ట్ మడ్‌గార్డ్‌తో పాటు నిలబడి ఉంటుంది. ప్రతి గుంతకూ మీ వీపు దిండు మీద రాసుకుంటుంది, చొక్కా పైకి పోతుంది, వంద కిలోమీటర్లలో చర్మం ఎర్రబడుతుంది. దీనికి మందు దిండు ముఖానికి జారే రకం మెత్తటి రెక్సిన్ వేయించడం, గరుకు డిజైన్లు వద్దనుకోవడం. 2021 తర్వాతి క్లాసిక్‌లో ఆ స్ప్రింగులు లేవు కాబట్టి ఈ బాధ లేదు.

ఒకే పొడుగు సీటున్న బండికి సీటులోంచి కాడ రావాలి. ఇక్కడ చాలామంది తొడుగును సీటు అడుగున ఉండే ప్లాస్టిక్ పళ్లేనికి బోల్టు వేసేస్తారు. ప్లాస్టిక్ ఆ మెలి బలాన్ని మోయలేదు, రంధ్రం చుట్టూ నక్షత్రంలా పగుళ్లు వస్తాయి. తొడుగు కిందకు దిగి ఛాసిస్ అడ్డ కమ్మీ మీద కూర్చోవాలి, సీటుకు కాడ దూరే చీలిక మాత్రమే ఉండాలి. ఆ చీలికలోంచి వాన నీళ్లు ఫోమ్‌లోకి దిగకుండా చుట్టూ రబ్బరు బీడింగ్ వేయించి, కాడ తీసేసినప్పుడు మూయడానికి రబ్బరు మూత పెట్టుకోండి. ఏ బండికైనా ఛాసిస్ మీద నేరుగా వెల్డింగ్ చేయనివ్వొద్దు, బోల్టులతోనే పని జరగాలి. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బండ్లన్నిటికీ ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్ ఉంటుంది, వెల్డింగ్ కరెంటుకు అది పాడయ్యే ప్రమాదం ఉంది. బండి మీద పెట్టి టాకా (ముందుగా పెట్టే చుక్క వెల్డ్) వేస్తానంటే కూడా వద్దని, గుర్తులు పెట్టుకుని ఊడదీసి బల్ల మీద వేయమనండి.

టాకాలు వేశాక, పూర్తి వెల్డ్ చేయకముందే బిగించి కూర్చుని చూడాలి. ఇది ఒక్కటి వదలకండి. దిండు స్థానంలో ప్లైవుడ్ పలక, దాని మీద మడిచిన తువ్వాలు పెట్టుకుని, రెండు కాళ్లూ ఫుట్‌రెస్టుల మీద ఉంచి, హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి. మోచేతులు కొద్దిగా వంగే ఉండాలి. పూర్తిగా చాచుకుంటే బ్యాక్‌రెస్ట్ ఇంకా ముందుకు రావాలి. ఒక్క పూటలో ఇచ్చేస్తామనే షాపులో ఈ దశ ఉండదు. వెల్డింగ్ ఒక రోజు, కోటింగ్ ఒకటి రెండు రోజులు, కుట్టు ఒక రోజు అని చెప్పే షాపునే నమ్మండి. ఇనుము కిలోల లెక్కన పెద్ద ఖర్చేమీ కాదు, మొత్తం తూకం రెండున్నర, మూడు కిలోల మధ్య తేలుతుంది. డబ్బు పోయేది కూలికీ కుట్టుకీ.

దిండు లోపలి పలకకు 12 మి.మీ. ప్లైవుడ్ తీసుకోండి, దాని మీద ఐఎస్ 710 ముద్ర ఉండాలి. అది నీళ్లకు ఆగే రకం. ఐఎస్ 303 ముద్ర ఉన్న చౌక రకం రెండు వానాకాలాల్లో పొరలు విడిపోతుంది, స్టేపుల్ పిన్నులు పట్టు వదిలేస్తాయి. పలకకు ముందు వైపు నుంచి ఎం-6 టీ-నట్లు (చెక్కలోకి దిగి పట్టుకునే పళ్లున్న నట్లు) నాలుగు దిగగొట్టించి ఆ తర్వాతే ఫోమ్ అతికించాలి. చెక్క స్క్రూలతో బిగిస్తే ఇంజిన్ వణుకుకు వదులవుతాయి. మొదటి పొర 25 మి.మీ. రీబాండెడ్ ఫోమ్, దాని మీద 25 మి.మీ. 40 డెన్సిటీ హెచ్ఆర్ ఫోమ్ (నొక్కి వదిలితే వెంటనే లేచే రకం). రెండు పక్కల అంచుల్లో ఇంకో 10 మి.మీ. పొర వేయిస్తే మధ్యలో సన్నటి లోయ వచ్చి నడుము అందులో కూర్చుంటుంది. మెత్తగా ఉండాలని మొత్తం నాలుగు అంగుళాల స్పాంజి వేయించుకునేవాళ్లు షాపులో వేలితో నొక్కి మురిసిపోతారు, గంట తర్వాత అది అణిగి వెనక పలక తగులుతుంది. ఫోమ్ అతికించడానికి తెల్ల ఫెవికాల్ పనికిరాదు, ఫెవికాల్ ఎస్ఆర్ 998 లాంటి రబ్బరు సొల్యూషన్ కావాలి. రెండు ముఖాలకూ రాసి, చేతికి అంటుకోనంత ఆరాక అతికించాలి. తడిగా ఉండగానే అతికిస్తే లోపలి ద్రావకం బయటకు పోయే దారి లేక పట్టు రాదు.

కవరు కుట్టేటప్పుడు కుట్టు గీత దిండు ముఖం మీద, పై అంచు మీద రాకూడదు. ప్రతి సూది రంధ్రమూ నీటికి తలుపే. కుట్టు పక్కలకూ అడుగుకూ పోయేలా ఒకే ముక్కతో ముఖం, పైభాగం కప్పమనండి. ఫోమ్ మీద పల్చటి పాలిథిన్ పొర వేసి, అడుగున రెండు చిన్న రంధ్రాలు వదలాలి, ఎంత జాగ్రత్తపడ్డా దిగిన నీరు పోవడానికి. పిన్నులు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి అడిగి వేయించండి, విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మామూలు పిన్నులు ఒక్క ఏడాదిలో తుప్పుగా రాలిపోతాయి. రంగు నలుపు వద్దు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో మధ్యాహ్నం ఎండలో నిలిపిన బండి నల్ల దిండుకు పల్చటి చొక్కాతో ఆనలేరు. గోధుమ రంగో బూడిద రంగో తీసుకుని, పైన ఉతుక్కునే జాలీ కవరు తొడగండి. చెమట కూడా ఆరుతుంది.

వెనక మనిషి సంగతి చివరి నిమిషంలో గుర్తొచ్చే విషయం కాకూడదు. దిండు వెనక ముఖం ఖాళీ ప్లైవుడ్, బయటకు పొడుచుకొచ్చిన బోల్టులతో వదిలేసిన బ్యాక్‌రెస్టులు చాలా కనిపిస్తాయి. గట్టి బ్రేకు పడితే వెనక ఉన్న మనిషి ఛాతీ సరిగ్గా దాని మీదకు వస్తుంది, పిల్లలైతే ముఖం వస్తుంది. వెనక ముఖానికీ పై అంచుకూ కనీసం 15 మి.మీ. ఫోమ్ ఉండాలి, బోల్టు తలలు లోపలికి దిగి ఉండాలి. చీరకట్టుతో పక్కకు తిరిగి కూర్చునేవాళ్లకు కాడలు తొడకు ఒరుసుకుంటాయి, చోటూ చాలదు. వాళ్లు ఎక్కేటప్పుడు తీసి ఇంట్లో పెట్టడమే పద్ధతి, అందుకే లాగి తీసే రకం కావాలన్నది. బ్యాక్‌రెస్ట్ కోసం వెనక పట్టుకునే రాడ్డునో శారీ గార్డ్‌నో తీసేయమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వెనక మనిషికి పట్టుకునే ఆధారం, ఫుట్‌రెస్ట్, చక్రంలో బట్ట పడకుండా అడ్డు ఉండాలని కేంద్ర మోటారు వాహన నిబంధనలు 1989లోని 123వ నిబంధన చెబుతోంది. వెనక మనిషి కూర్చునేది గట్టిగా బిగించిన సరైన సీటు కావాలని మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్ అంటోంది. వెనక సీటు తీసేసి పునాది ప్లేటు బిగించుకున్నవాళ్లు మళ్లీ సీటు బిగించేదాకా ఎవరినీ ఎక్కించుకోకూడదు.

బిగించాక బండి ఎక్కే తీరు మారుతుంది. కాలు వెనక నుంచి తిప్పి ఎక్కే అలవాటు ఉన్నవాళ్లు మొదటి వారం దిండును బూటుతో తన్నుతూనే ఉంటారు. కాలు ముందు నుంచి మడిచి ట్యాంకుకూ దిండుకూ మధ్య దాటించడం అలవాటు చేసుకోవాలి. కాలు అంత మడవలేని పెద్దవాళ్లు కూర్చున్నాక కాడలను తొడుగులో దింపుకోవడం కన్నా సీటు మెట్టు పెంచుకునే పద్ధతికే పోవడం మంచిది. శ్రీశైలం, అరకు ఘాట్ రోడ్ల మీద దిండుకు ఆని నడపకూడదు. మలుపుల్లో మొండెం ముందుకు వచ్చి, పక్కలకు స్వేచ్ఛగా కదలాలి. ఘాట్ మొదలయ్యే ముందు ఆగి దాన్ని తీసి బ్యాగులో కట్టేసుకుంటే ఇంకా మంచిది.

పునాది బోల్టులు 8.8 గ్రేడు ఎం-8వి, 13 నంబరు స్పానర్ పట్టేవి, లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్లతో. వాటిని 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల మధ్య బిగించి, నట్టు మీద నుంచి ప్లేటు మీదకు తెల్ల పెయింటు పెన్నుతో ఒక గీత గీయండి. మొదటి 100 కిలోమీటర్లకు, ఆ తర్వాత 500కు, ఆపైన ప్రతి సర్వీసుకూ ఆ గీత చూడాలి. వణుకు తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్ లేని రాయల్ ఎన్‌ఫీల్డ్ పాత 346 సీసీ ఇంజిన్ బండ్లకు ఇంకా తరచుగా చూడండి, 349 సీసీ కొత్త ఇంజిన్‌లో బ్యాలెన్సర్ ఉంది కాబట్టి వణుకు తక్కువ. గీత తప్పి కనిపిస్తే అక్కడే బిగించి ఊరుకోకుండా ఊడదీసి కొత్త నైలాక్ వేయండి. ఒకసారి విప్పిన నైలాక్‌లో ఆ నీలం రింగు పట్టు తగ్గిపోయి ఉంటుంది. ఆ నట్టు ఊడదీసిన చేత్తోనే తొడుగుకూ మూల ముక్కకూ మధ్య వెల్డ్‌ను గుడ్డతో తుడిచి చూడండి. పెయింటు మీద వెంట్రుకంత తుప్పు గీత కనిపిస్తే లోపల ఇనుము పగిలినట్టే.